డీఎన్‌ఏ అంతా చదవగలుగుతున్న రోజుల్లో మైక్రోస్కోపు కింద క్రోమోజోములు చూడటం ఇంకా అవసరమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ ముగించబోతున్నారు. సైటోజెనెటిక్స్‌లో, అంటే కణంలోని క్రోమోజోముల సంఖ్య, ఆకారం, ప్రవర్తనలను పరిశీలించే శాస్త్రంలో, పరిశోధన చేయాలని ఉంది. డీఎన్‌ఏను అక్షరం అక్షరం చదివే యంత్రాలు వచ్చాక ఇంకా క్రోమోజోములు లెక్కపెట్టడమేమిటని మీ సీనియర్లు వెనక్కి లాగుతున్నారు. ఈ రంగానికి ముందుచూపు ఉందా, ఉంటే మొక్కలు, జంతువులు, మానవ వ్యాధుల్లో దేన్ని పట్టుకోవాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఈ రంగం అవసరం ఉంది. మైక్రోస్కోపు ఒక్కటే నేర్చుకుని అక్కడే ఆగిపోదామనుకునేవారి అవసరం మాత్రం తగ్గిపోయింది. సీక్వెన్సింగ్‌లో సాధారణంగా వేలాది, లక్షలాది కణాల డీఎన్‌ఏను ఒకచోట చేర్చి, ముక్కలు చేసి చదువుతారు. ఆ నమూనాలో ఏయే అక్షరాలున్నాయో, ఏ భాగం ఎన్ని వంతులుందో అది ఎంతో నిక్కచ్చిగా చెబుతుంది. అయితే ఆ భాగం ఏ క్రోమోజోము మీద ఉంది, రెండు క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కున్నాయా, మార్పు అన్ని కణాల్లోనూ ఉందా లేక కొన్నింటిలోనేనా అన్న ప్రశ్నలకు, చెదరని కణాన్ని ఒక్కొక్కటిగా చూడటమే ఇప్పటికీ దగ్గరి దారి. ఇక రెండో ప్రశ్నకు నా జవాబు: చేయి తిరగడానికి మొక్కలతో మొదలుపెట్టండి, ఆ తర్వాత ఎటు వెళ్లినా ఆ నేర్పు వెంట వస్తుంది. నేను మొక్కల వేళ్ల కొనలతో ఈ పని నేర్చుకున్నాను, కొన్నేళ్లు పశువుల క్రోమోజోములు చూశాను, ఇప్పుడు మానవ నమూనాలు పరీక్షించే ప్రయోగశాలలో ఉన్నాను. అందుకని మూడింటి గురించీ చెబుతాను గాని, సమానంగా చెబుతానని మాత్రం అనుకోకండి.

ఒక నమూనాతో మొదలుపెడతాను. వరుసగా మూడు గర్భస్రావాలు జరిగిన ఒక దంపతుల రక్తం మా దగ్గరికి వచ్చింది. అంతకుముందే వేరొకచోట ఇద్దరికీ మైక్రోఎర్రే, అంటే డీఎన్‌ఏలో ఏ భాగం తగ్గిందో, పెరిగిందో కొలిచే పరీక్ష, జరిగింది. ఎక్కడా తగ్గిందీ లేదు, పెరిగిందీ లేదు అని నివేదిక. భర్త స్లైడులో నాకు దొరికిన మొదటి మెటాఫేజ్‌లో, అంటే క్రోమోజోములు పొట్టిగా, చిక్కగా కనిపించే దశలో ఆగిన కణంలో, 45 మాత్రమే లెక్కకొచ్చాయి. స్లైడు తయారీలో ఒకటి జారిపోవడం మామూలే కనుక దాన్ని పట్టించుకోలేదు. రెండో కణంలోనూ 45 వచ్చాయి, మూడోదానిలోనూ అంతే. అప్పుడు లెక్క ఆపి ఆకారాలు చూశాను. 13, 14 క్రోమోజోములకు ఒకవైపు పొడవైన చేయి, మరోవైపు ఉందా లేదా అన్నంత పొట్టి చేయి ఉంటాయి. ఆయన కణాల్లో 13 ఒకటి, 14 ఒకటి మాత్రమే విడిగా ఉన్నాయి. మిగిలిన రెండింటి పొడవైన చేతులు సెంట్రోమియర్ (రెండు చేతులూ కలిసే చోటు) దగ్గర కలిసిపోయి, నడుము దగ్గర నొక్కున్న ఒకే క్రోమోజోముగా ఏర్పడ్డాయి.

దీన్ని రాబర్ట్‌సోనియన్ ట్రాన్స్‌లొకేషన్ అంటారు. రాబర్ట్‌సన్ 1916లో దీన్ని వర్ణించింది మనుషుల్లో కాదు, మిడతల్లో. మనుషుల్లో దాదాపు వెయ్యి మందిలో ఒకరికి ఇది ఉంటుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు. పోయిన పొట్టి చేతుల మీద ప్రధానంగా రైబోసోముల ఆర్‌ఎన్‌ఏ జన్యువులు వందల ప్రతులుగా వరుసకట్టి ఉంటాయి. అవే ప్రతులు మిగిలిన అలాంటి క్రోమోజోముల మీద కూడా ఉంటాయి కనుక రెండు చేతులు పోయినా మనిషి ఆరోగ్యానికి ఏమీ కాదు. చిక్కంతా వీర్యకణాలు తయారయ్యేటప్పుడు వస్తుంది. మూడు క్రోమోజోములు రెండు వైపులకు విడిపోవాలి గనుక ఆరు రకాల వీర్యకణాలకు వీలుంది. వాటిలో రెండే సరిపోయినవి. ఆ రెండు రకాలే వాస్తవంలో ఎక్కువగా ఏర్పడతాయి కాబట్టి ఇలాంటివారిలో చాలామందికి ఆరోగ్యవంతులైన పిల్లలు పుడతారు. ఈ మాట దంపతులకు మొదటే చెప్పాలి. అతుకు మాట విన్నాక వాళ్లు మిగతాదేదీ వినరు.

మైక్రోఎర్రే దీన్ని ఎందుకు పట్టుకోలేదంటే, అది తూకం లాంటిది. బస్తాలో సరుకు ఎంత ఉందో చెబుతుంది, ఏ మూటలో ఏముందో చెప్పదు. పొడవైన చేతులు రెండేసి ఉన్నాయి, తూకం సరిపోయింది. మరి సీక్వెన్సింగ్ అయినా పట్టుకోదా అంటారు. వాడుకలో ఎక్కువగా ఉన్న పద్ధతిలో 150 అక్షరాల చొప్పున చిన్న ముక్కలు చదివి, వాటిని ప్రామాణిక క్రమం మీద సరైన చోట అమరుస్తారు. ఈ అతుకు పడే చోట వేల సార్లు ఒకేలా మళ్లీ మళ్లీ వచ్చే క్రమాలు ఉన్నాయి. ముక్క ఏ క్రోమోజోముదో తేల్చడానికి గుర్తేమీ ఉండదు. మానవ జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ క్రమం) ముసాయిదా 2001లో వెలువడినా ఈ పొట్టి చేతుల పూర్తి క్రమం 2022లో గాని అచ్చుకాలేదంటే ఆ చోటు ఎంత జటిలమో ఊహించవచ్చు. పొడవైన ముక్కలు చదివే కొత్త యంత్రాలు ఈ కొరతను తీరుస్తున్నాయి. కాని రోజువారీ పరీక్షగా అవి ఇంకా అన్నిచోట్లా లేవు, 45ను 46ను విడదీయడానికి గాజుపలక చాలు.

డౌన్ సిండ్రోమ్ విషయంలోనూ ఇదే తేడా కుటుంబం మొత్తానికి ముఖ్యమవుతుంది. 1959లో లెజ్యూన్, గోతియే, తుర్పాన్‌లు ఆ పిల్లల్లో 47 క్రోమోజోములున్నాయని చూపినప్పటి నుంచి 21వది మూడు ఉండటమే కారణమని అందరికీ తెలుసు. అయితే సుమారు 95 శాతం పిల్లల్లో మూడో 21 విడిగా ఉంటుంది, మూడు నాలుగు శాతంలో మాత్రం అది 14కో, మరో 21కో అతుక్కుని ఉంటుంది, అప్పుడు లెక్క 46 దగ్గరే ఆగుతుంది. బిడ్డ లక్షణాలను చూసి ఈ రెంటినీ వేరు చేయలేం. బిడ్డ గర్భంలో ఉండగా తల్లి రక్తంలోని డీఎన్‌ఏను కొలిచే పరీక్ష కూడా 21 పాలు పెరిగిందనే చెబుతుంది గాని, అది ఎలా ఉందో చెప్పలేదు. తల్లికి 14, 21ల అతుకు ఉంటే తర్వాతి బిడ్డకు కూడా వచ్చే అవకాశం పది నుంచి పదిహేను శాతం. తండ్రికి ఉంటే ఒక శాతం దగ్గర. ఇద్దరిలో ఎవరికైనా రెండు 21లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ వస్తుంది. ఒకే వ్యాధి పేరు కింద ఇన్ని వేర్వేరు సలహాలు దాగి ఉన్నాయి, వాటిని విడదీసేది కారియోటైప్, అంటే కణంలోని క్రోమోజోములను జతలుగా పేర్చి చూసే పరీక్ష.

(21 మాట వచ్చింది కనుక చెబుతున్నాను: క్రోమోజోములకు పొడవును బట్టి పెద్దదాని నుంచి చిన్నదానికి నంబర్లిచ్చారని పుస్తకాల్లో చదివి ఉంటారు. నిజానికి 21, 22 కంటే చిన్నది. తప్పు తెలిసేనాటికి పేరు స్థిరపడిపోయింది.)

ఇంతా విని పాత పద్ధతే మేలనుకుంటే పొరపాటు. క్రోమోజోముల మీద అడ్డచారలు (బ్యాండ్లు) కనిపించేలా రంగు పట్టించే జీ-బ్యాండింగ్‌లో కంటికి ఆనే అతి చిన్న మార్పు 50 లక్షల నుంచి కోటి అక్షరాల మేర ఉంటుంది. అంతకంటే చిన్నది పోయినా, పెరిగినా మనకు కనిపించదు. నా అనుభవంలోనే ఒకటుంది. గుండె లోపంతో పుట్టిన ఒక పాపకు కారియోటైప్ మామూలుగా ఉందని నేనే సంతకం చేశాను. తర్వాత మైక్రోఎర్రేలో 22వ క్రోమోజోము మీద సుమారు 30 లక్షల అక్షరాలు లేవని తేలింది. అది బాగా పేరున్న లోపమే, గుండె, కాల్షియం, రోగనిరోధక శక్తి అన్నిటినీ తాకుతుంది. ఎక్కడ చూడాలో తెలిశాక పాత స్లైడులు తీసి ఒక సాయంత్రమంతా ఆ రెండు 22లను పక్కపక్కన పెట్టుకుని చూశాను. అప్పటికీ తేడా కనబడలేదు. నివేదికలో "ఈ పద్ధతికి అందనంత చిన్న మార్పులు ఉండవచ్చు" అన్న వాక్యాన్ని అప్పటిదాకా అలవాటుగా రాసేవాణ్ని. ఆ రోజు నుంచి చదివి రాస్తున్నాను. ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకు కారియోటైప్ కంటే ముందుగా చేయాల్సింది మైక్రోఎర్రే అని 2010 నుంచి నిపుణులు చెబుతున్నదాంట్లో వివాదమేమీ లేదు.

కణాలన్నీ ఒకేలా లేనప్పుడు ఏమవుతుందన్నది తర్వాతి సంగతి. ఒకే మనిషిలో కొన్ని కణాలకు 46, కొన్నింటికి 47 ఉండవచ్చు. దీన్ని మొజాయిసిజం అంటారు. మేము మామూలుగా 20 కణాలు చూస్తాం. ఆ 20 అన్న అంకె ఎవరి ఇష్టమూ కాదు: శరీరంలో 14 శాతం కణాలకు తేడా ఉంటే, 20 చూసినప్పుడు ఒక్కటైనా ఎదురుపడకుండా పోయే అవకాశం ఐదు శాతానికి లోపు. పది శాతం మేర ఉన్నదాన్ని అంతే నమ్మకంతో పట్టుకోవాలంటే దాదాపు 30 కణాలు చూడాలి, ఆరు శాతానికైతే 50. విద్యార్థులు ఈ లెక్కను ఒక్కసారి స్వయంగా వేసి చూసుకుంటే, నివేదికలో "మొజాయిసిజం లేదు" అని ఎన్నడూ రాయరు, "ఇన్ని కణాల్లో కనిపించలేదు" అని రాస్తారు. పైగా ఏ కణజాలం అన్నది కూడా ముఖ్యం. పాలిస్టర్-కిలియన్ సిండ్రోమ్‌లో 12వ క్రోమోజోము పొట్టి చేతులు రెండు కలిసి ఏర్పడిన అదనపు క్రోమోజోము చర్మకణాల్లో కనిపిస్తుంది, రక్తంలో చాలాసార్లు కనిపించదు. రక్తం కల్చర్‌లో మనం విభజనకు పురిగొల్పేది తెల్లకణాల్లోని టి-కణాలను మాత్రమే. వాటిలో ఆ క్రోమోజోము నిలవకపోతే, ఎన్ని వందల కణాలు చూసినా ప్రయోజనం లేదు.

క్యాన్సర్‌లో ఈ కణం కణంగా చూడటం మరింత అక్కరకొస్తుంది. 1960లో నోవెల్, హంగర్‌ఫోర్డ్‌లు ఒక రకం రక్తక్యాన్సర్‌లో మామూలుకంటే చిన్నదైన క్రోమోజోమును చూశారు. వాళ్లు పనిచేసిన ఊరి పేరుతోనే దాన్ని ఫిలడెల్ఫియా క్రోమోజోము అన్నారు. ఒక ముక్క పోయిందని అందరూ అనుకున్నారు. 1973లో జానెట్ రౌలీ కొత్తగా వచ్చిన బ్యాండింగ్ పద్ధతులతో చూసి, ముక్క పోలేదు, 9వ దాని చివరికి చేరిందని తేల్చారు. ఆ మార్పిడి వల్ల కలిసిన రెండు జన్యువుల నుంచి పుట్టే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇమాటినిబ్ మందు 2001లో వాడుకలోకి వచ్చింది. చిన్న క్రోమోజోము కనిపించడం నుంచి మందు దాకా నలభై ఏళ్లు పట్టాయి. మొదటి మెట్టు మాత్రం ఎవరో కూర్చుని క్రోమోజోముల పొడవులు పోల్చి చూడటమే.

ఇప్పుడు ఆ జన్యుకలయికను రక్తంలో లక్షకు ఒకటి చొప్పున ఉన్నా పీసీఆర్ (ఎంచుకున్న డీఎన్‌ఏ ముక్కను ఎన్నో ప్రతులు చేసి గుర్తించే పరీక్ష) పట్టుకుంటుంది, చికిత్స ఎలా సాగుతోందో చూడటానికి దానికి సాటి లేదు. అయితే పీసీఆర్ తాను అడిగిన ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది. వ్యాధి ముదిరేటప్పుడు రెండో ఫిలడెల్ఫియా క్రోమోజోము, అదనపు 8, 17వ దాని రెండు పొడవైన చేతులు కలిసిన క్రోమోజోము లాంటివి వచ్చి చేరతాయి. ఇవి ఒకే కణంలో కలిసి ఉన్నాయా, వేర్వేరు కణాల్లోనా, ఏది ముందు వచ్చింది అన్నది ఎముకమజ్జ కణాలను పక్కపక్కన చూసినప్పుడు తెలుస్తుంది. ఇక్కడా కంటిని అదుపులో పెట్టే నియమాలున్నాయి: అదనంగా వచ్చిన క్రోమోజోము గాని, ఆకారం మారింది గాని కనీసం రెండు కణాల్లో ఒకేలా ఉండాలి, క్రోమోజోము లేకపోవడమైతే కనీసం మూడు కణాల్లో ఉండాలి. లేకపోవడానికి ఒకటి ఎక్కువ ఎందుకంటే, స్లైడు మీద క్రోమోజోము జారిపోవడం ఎంత తేలికో పైన చెప్పాను.

ఇక తయారీ గురించి. పాఠాల్లో దీన్ని నాలుగు వాక్యాల్లో ముగిస్తారు. నా లెక్కలో ఈ శాస్త్రంలో సగం ఇదే. మనిషికి 48 క్రోమోజోములని 1923లో పెయింటర్ ప్రకటించిన తర్వాత ముప్పై ఏళ్లకు పైగా లోకమంతా 48 అనే నమ్మింది. ఆ తర్వాత చూసినవారు కూడా చాలామంది 48 చూశారు. కారణం కళ్లు సరిగా లేక కాదు, కణంలో క్రోమోజోములు ఒకదానిమీద ఒకటి కుప్పగా పడి ఉండటమే. 1952లో టి.సి. షు, ఉప్పు ద్రావణంలో పొరపాటున నీరు ఎక్కువై పలచబడటం వల్ల కణాలు ఉబ్బి క్రోమోజోములు చక్కగా విడివడటాన్ని గమనించారు. దానితోపాటు కణవిభజనను మెటాఫేజ్ దగ్గర ఆపే కోల్చిసిన్‌ను వాడి, టియో, లెవాన్‌లు 1956లో 46 అని తేల్చారు. కొత్త సిద్ధాంతమేదీ రాలేదు, నీళ్లు ఎక్కువయ్యాయి, అంతే.

మా బల్ల మీద ఇప్పటికీ అదే పని జరుగుతుంది. రక్తాన్ని గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఉన్న ట్యూబులో తీయాలి; అదే పని చేసే ఈడీటీఏ ట్యూబులో పంపితే కణాలు సరిగా పెరగవు, అయినా వారానికొకటి అలా వస్తూనే ఉంటుంది. కణాలను విభజనకు పురిగొల్పడానికి, చిక్కుడు జాతి గింజల నుంచి తీసిన ఫైటోహీమాగ్లుటినిన్‌ను కలిపి 72 గంటలు ఇంక్యుబేటర్‌లో పెంచుతాం. చివర్లో కోల్చిసిన్ లాగే విభజనను ఆపే కోల్సెమిడ్, తర్వాత కణాలను ఉబ్బించే పలచటి పొటాషియం క్లోరైడ్, తర్వాత మూడు పాళ్లు మిథనాల్, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ఫిక్సేటివ్. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. ఆ మసకటి తెల్లని ద్రవాన్ని చుక్కగా గాజుపలక మీద వదిలినప్పుడు, అది ఆరే పది ఇరవై సెకన్లలో మీ మూడు రోజుల పని తేలిపోతుంది. చుక్క పడగానే వలయంలా పరుచుకుంటుంది, అంచుల్లో ఇంద్రధనుస్సు రంగులు మెరుస్తాయి, పలక పొడిబారినట్టు గరుకుగా మారుతుంది. గాలి పొడిగా ఉంటే చుక్క మరీ త్వరగా ఆరి, కణాలు పరుచుకునే లోపే గట్టిపడతాయి. క్రోమోజోములు పాత 48 రోజుల్లోలాగే కుప్పపడతాయి. గాలిలో తేమ ఎక్కువైతే మెల్లగా ఆరి, క్రోమోజోములు ఎటంటే అటు చెదిరి పక్క కణాల్లో కలుస్తాయి. తేమను నియంత్రించే పెట్టెలు వచ్చాయి గాని, పలకను నోటి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఆవిరి ఊది చుక్క వేసేవారు ఇప్పటికీ ఉన్నారు. నేను ఆ పని చేయను. చేసేవారి స్లైడులు బాగుంటాయని మాత్రం ఒప్పుకుంటాను.

మొక్కలతో మొదలుపెట్టమని అన్నది ఇందుకే. వేరు కొనకు ఇంక్యుబేటర్ వద్దు, కల్చర్ ద్రవం వద్దు, ఎవరి అనుమతి పత్రమూ వద్దు. మొలకెత్తిన గోధుమ గింజ వేరును సెంటీమీటరు మేర తుంచి, మంచునీటిలో 24 గంటలు ఉంచి, ఫిక్స్ చేసి, ఎసిటోకార్మిన్‌తో రంగు పట్టించి, కవర్‌స్లిప్ వేసి బొటనవేలితో నొక్కితే సరి. నొక్కేటప్పుడు కవర్‌స్లిప్ వెంట్రుకవాసి పక్కకు జరిగినా కణాలన్నీ పురిపెట్టిన దారాల్లా చుట్టుకుపోతాయి. ఆ నొక్కు కుదరడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. తప్పు చేసినా పోయేది ఒక వేరే, మరో గింజ మొలకెత్తుతుంది. మనిషి నమూనాతో నేర్చుకునేటప్పుడు ఆ వెసులుబాటు ఉండదు.

నేర్చుకోవడానికే కాదు, పరిశోధనకూ మొక్కల్లో విషయం గొప్పది. రొట్టె గోధుమకు 42 క్రోమోజోములు. దగ్గరి బంధువులైన మూడు జాతుల నుంచి ఏడేసి జతలు వచ్చి చేరాయి. మూడు జీనోములూ ఒకదాన్నొకటి పోలి ఉండటం వల్ల, చదివిన ముక్క ఏ జీనోముదో తేల్చడం కంప్యూటర్‌కు కూడా కష్టమవుతుంది. దీనికితోడు తెగుళ్లను తట్టుకునే జన్యువుల కోసం గోధుమలోకి రై అనే మరో ధాన్యపు క్రోమోజోములను తెచ్చారు. రై ఒకటో క్రోమోజోము పొట్టి చేయి, గోధుమ 1బి పొట్టి చేతి స్థానంలో అతుక్కున్న రకాలు ప్రపంచమంతా విస్తరించాయి. ఆ చేతిమీదనే కాండపు తుప్పు తెగులును ఆపే ఎస్‌ఆర్31 జన్యువు ఉంది. 1999లో ఉగాండాలో బయటపడిన కొత్త తెగులు రకం ఆ జన్యువును లెక్కచేయకపోవడంతో ప్రజనన శాస్త్రవేత్తలు మళ్లీ బంధుజాతుల వైపు చూడాల్సి వచ్చింది.

నేను ఇక్కడ పాఠం నేర్చుకున్నది ఒక పొట్లం గింజల దగ్గర. రై భాగం ఉందని డీఎన్‌ఏ మార్కర్ (ఆ భాగం ఉందో లేదో చూపే గుర్తు క్రమం) నిర్ధారించిన మొక్కలవి, అన్నీ ఒకే రకంగా భావించి ముందుకు పోదామనుకున్నాం. రై డీఎన్‌ఏకు మెరిసే రంగు తగిలించి క్రోమోజోముల మీద అతికించే జిష్ పద్ధతిలో చూసేసరికి, కొన్ని మొక్కల్లో ఒక చేయి మాత్రమే పచ్చగా మెరిసింది, కొన్నింటిలో గోధుమ క్రోమోజోము జత పోయి దాని బదులు రై జత మొత్తం ఉంది, ఒక మొక్కలో 42కు అదనంగా రై జత ఉండి మొత్తం 44 వచ్చాయి. మార్కర్ అబద్ధం చెప్పలేదు. మూడింటిలోనూ రై భాగం ఉన్నమాట నిజమే. కాని అదనపు జత ఉన్న మొక్క తరాల్లో దాన్ని పోగొట్టుకుంటూ ఉంటుంది, చేయి మాత్రమే అతికిన మొక్క స్థిరంగా నిలుస్తుంది. రైతు చేతికి వెళ్లాల్సిన విత్తనం ఏదో ఆ పచ్చటి మెరుపు ఎక్కడ ఆగిందో చూస్తే గాని తెలియలేదు.

జంతువుల గురించి కొంచెమే చెబుతాను. ఆవుజాతికి 60 క్రోమోజోములు. లింగ క్రోమోజోములు తప్ప మిగతా 29 జతలూ ఒకవైపే చేయి ఉన్నవి. అందువల్ల వాటి స్లైడులో రెండు చేతులున్న కొత్త పెద్ద క్రోమోజోము కనిపిస్తే ఎంత కొత్తవారికైనా ఇట్టే తెలుస్తుంది. 1964లో స్వీడన్‌లో గుస్తావ్‌సన్, రాక్‌బోర్న్‌లు వర్ణించిన 1, 29ల అతుకు అలాంటిదే. ఆ ఎద్దు చూడటానికి నిక్షేపంగా ఉంటుంది, దాని కూతుళ్ల చూలు నిలవడంలో మాత్రం కొంత తగ్గుదల కనిపిస్తుంది. ఒక ఎద్దు వీర్యం వేల ఆవులకు వెళ్లే కృత్రిమ గర్భధారణలో ఆ కొంతే చాలా అవుతుంది గనుక, ఎంపికకు ముందే ఎద్దుల క్రోమోజోములు చూడటం ఎన్నో దేశాల్లో నియమమైంది. గేదెల్లో నదీజాతికి 50, చిత్తడిజాతికి 48; కలిపితే పుట్టే దూడకు 49. ఇక మంట్‌జాక్ అనే చిన్న జింకల్లో చైనా జాతికి 46 ఉంటే, భారతీయ జాతి ఆడదానికి 6, మగదానికి 7 మాత్రమే. దగ్గరి బంధువుల మధ్య ఇంత తేడా ఎలా వచ్చిందన్నది ఇప్పటికీ చురుగ్గా సాగుతున్న పరిశోధన. ఈ విభాగంలో పనిచేసేవారు తక్కువ, చూడని జాతులు లెక్కలేనన్ని. ఒంటరిగా పనిచేయడం ఇష్టమైతే ఇటు రండి.

సీనియర్ల మాటలో ఒక నిజం ఉంది, దాన్ని దాచను. కారియోటైప్ కత్తిరించి జతలు కట్టడమే వృత్తిగా పెట్టుకున్నవారి పని యంత్రాలకు పోతోంది. మెటాఫేజ్‌లను వెతికే మైక్రోస్కోపులు, క్రోమోజోములను గుర్తుపట్టే ప్రోగ్రాములు మా దగ్గరే రాత్రంతా పనిచేస్తాయి. పొడవైన డీఎన్‌ఏ పోగుల మీద మెరిసే గుర్తులు పెట్టి ఫొటోలు తీసే ఆప్టికల్ జీనోమ్ మ్యాపింగ్ కొన్ని రకాల రక్తక్యాన్సర్లలో రెండు మూడు పరీక్షల పని ఒక్కటే చేస్తోంది. సెంట్రోమియర్ల దగ్గరి అతుకుల విషయంలో దానికీ ఇబ్బంది ఉంది. అదే సమయంలో సీక్వెన్సింగ్ మాకు కొత్త చూపునిచ్చింది. జీనోమ్ తెలిసిన ఏ మొక్కకైనా, కోరిన చోటును మాత్రమే వెలిగించే వేలాది చిన్న డీఎన్‌ఏ ముక్కలను కంప్యూటర్ మీద ఎంచుకుని తయారు చేయించుకుని, ఫిష్ పద్ధతిలో, అంటే ఆ మెరిసే ముక్కలను క్రోమోజోము మీద అతికించి, చూడగలుగుతున్నాం. నేను చదువుకునే రోజుల్లో అలా వెలిగించే ఒక్క ముక్క (ప్రోబ్) తయారీకి ఏడాది పట్టిన సందర్భాలున్నాయి.

కాబట్టి పీహెచ్‌డీలో చేరేనాటికి చేతిలో ఉండాల్సినవి నా దృష్టిలో ఇవి: కల్చర్, స్లైడు తయారీ సొంతంగా చేయగలగడం, ఫిష్, సీక్వెన్సింగ్ ఫలితాలను కంప్యూటర్‌లో మీరే విప్పి చూసుకోగలగడం, సంభావ్యత లెక్కలు. బ్యాండ్ల గుర్తింపు నిదానంగా వస్తుంది. 4ను 5 నుంచి తడుముకోకుండా విడదీయడానికి నాకు ఏడాది పైనే పట్టింది, ఇప్పటికీ బ్యాండింగ్ సరిగా పడని రోజున తడబడతాను.

సీటు ఒప్పుకునే ముందు ఆ ప్రయోగశాలలో ఒక రోజు గడపడానికి అనుమతి అడగండి. మైక్రోస్కోపు మీద కప్పిన గుడ్డకు దుమ్ము పట్టి ఉందా, పక్కన విప్పిన నోటుబుక్కులో నిన్నటి తేదీతో కణాల లెక్కలు ఉన్నాయా చూడండి. గత నెల చెడిపోయిన స్లైడులు కూడా చూపించమనండి, ఎందుకు చెడిపోయాయో అడగండి. ఆ ప్రశ్నకు తేమ, ట్యూబు, బ్యాండింగ్‌కు వాడే ట్రిప్సిన్ అంటూ వెంటనే జవాబు వచ్చేచోట చేరండి.